తీరుబడి కబుర్లు: ఆముదపు చెట్టు వెల

మన సంఘం సభ్యులలో అమెరికాలో పిల్లలున్న కుటుంబాలు తక్కువేమీ కావు. ఆ పిల్లలలో కొందరికి మార్చి నెల వచ్చిందంటే చాలు, ఒక పిచ్చి పట్టుకుంటుంది. ఆదివారంనాడు తీరిగ్గా మాట్లాడదామంటే, "ఇవాళ వీలుకాదమ్మా, మా డ్రాఫ్టు వున్నది" అంటారు. ఈ డ్రాఫ్టు బ్యాంకు డ్రాఫ్టు కాదు. పటాలంలో చేర్చుకొనే డ్రాఫ్టూ కాదు. పదిమంది స్నేహితులు చేరి, అసలు మైదానంలో వేరేవారి జట్లలో ఆడుతున్న బేస్‌బాలు ఆటగాళ్ళను, తమ తమ ఊహా జట్లకోసం పంచుకొనే తతంగం. దీనినే ఫాంటసీ బేస్‌బాలు అంటారు.

ఈ నెల కబుర్లు దానిని గురించి. పెద్దలు "మనకెందుకీ గొడవ" అని పేజీ తిప్పవద్దని మనవి. ఇందులో ఆట పాలు కొద్ది, బేరం పాలు ఎక్కువ. ఒక వస్తువుకు వెల కట్టడం ఎలాగన్న ప్రశ్నమీదనే ఈ ఆట అంతా నడుస్తుంది. చీటీపాటలో కూర్చున్నవారికీ, పెళ్ళి సరుకులు కొన్నవారికీ ఇది బొత్తిగా కొత్త సంగతి కాదు.

ముందు కొంచెం చరిత్ర. 1960లో విలియం గాంసన్ అనే సాంఘిక శాస్త్ర పండితుడు బోస్టనులో కొందరు మిత్రులతో కలిసి ఇటువంటి ఆట ఒకటి మొదలుపెట్టి, దానికి "బేస్‌బాల్ సెమినార్" అని గంభీరమైన పేరు పెట్టాడు. తరువాత ఆయన మిషిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. అక్కడ ఆ ఆట ఆడిన ఆచార్యులలో రాబర్ట్ స్క్లార్ ఒకడు. ఆయన శిష్యుడు డేనియల్ ఓక్రెంట్ అనే పత్రికా రచయిత ఆ బీజాన్ని తీసుకుని, 1980లో న్యూయార్కు మిత్రులతో కొత్త పద్ధతి ప్రారంభించాడు. వారు కలుసుకున్న ఫ్రెంచి భోజనశాల పేరు లా రొటిస్సెరీ ఫ్రాంసేజ్. అందువల్ల ఆటకు "రొటిస్సెరీ" అనే పేరు స్థిరపడింది. గెలిచినవాడి నెత్తిన "యూ-హూ" అనే చాకొలెట్ పానీయం కుమ్మరించడం వారి ఆచారం. ఆట కనిపెట్టిన ఓక్రెంటు మటుకు ఆ అభిషేకానికి నోచుకోలేదని ప్రసిద్ధి. వంట నేర్పినవాడికి అన్నం దొరకకపోవడం అంటే ఇదే కాబోలు!

ఇప్పుడు నియమాలు. సామాన్యంగా పన్నెండుమంది ఆడతారు. ఒక్కొక్కరికి 260 డాలర్లు. ఇవి చాలా చోట్ల లెక్కకోసం పెట్టుకున్న ఉత్త అంకెలే. ఆ డబ్బుతో వేలంపాటలో 23 మంది ఆటగాళ్ళను కొనుక్కోవాలి: బ్యాటు పట్టేవారు 14 మంది, బంతి విసిరే పిచ్చర్లు 9 మంది. బ్యాటు పట్టేవారిలోకూడా స్థానాలవారీ లెక్క వున్నది. అందులో ఇద్దరు తప్పనిసరిగా కాచర్లు కావాలి. కాచరంటే మన క్రికెట్టులో వికెట్ కీపరువంటివాడు.

తరువాత ఆరు నెలలు అసలు ఆటలు జరుగుతాయి. అమెరికాలో పెద్ద జట్లు 30. ఒక్కొక్కటి ఏడాదికి 162 ఆటలు ఆడుతుంది. మీరు కొన్న ఆటగాళ్ళు అక్కడ సాధించిన అంకెలన్నీ ఇక్కడ మీ ఖాతాలో పడతాయి. పద్దులు పది. బ్యాటింగులో సగటు, హోమ్‌రన్లు, పరుగులు, ఇతరులచేత చేయించిన పరుగులు, దొంగిలించిన బేసులు. బౌలింగువంటి పిచ్చింగులో మరి అయిదు. ప్రతి పద్దులోనూ మొదటివాడికి 12 మార్కులు, చివరివాడికి 1. పది పద్దులూ కూడి ఎక్కువ వచ్చినవాడు విజేత.

చూడడానికి ఇంతే. మంచి ఆటగాళ్ళను కొంటే సరిపోతుంది గదా అనిపిస్తుంది. చిక్కంతా ఆ "మంచి" అన్న మాటలోనే వున్నది.

2025 సంవత్సరం చూడండి. సియాటిల్ జట్టు కాచరు కాల్ రాలీ 60 హోమ్‌రన్లు కొట్టాడు. 125 పరుగులు చేయించాడు. ఫిలడెల్ఫియా జట్టు కైల్ ష్వార్బర్ 56 హోమ్‌రన్లు కొట్టి, 132 పరుగులు చేయించాడు. ఇద్దరి అంకెలూ కవలపిల్లలలాగే వున్నవి. అయితే రాలీ కాచరు. ష్వార్బరో, దాదాపు ప్రతి ఆటలోనూ బ్యాటు పట్టడానికి మాత్రమే దిగినవాడు. ఇద్దరికీ ఒకే వెల కట్టవచ్చునా?

కూడదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం. పన్నెండుమందికి ఇద్దరేసి చొప్పున 24 మంది కాచర్లు కావాలి. వున్న జట్లే 30. మోకాళ్ళమీద కూర్చుని లేచే కష్టమైన పని కనుక కాచర్లకు విశ్రాంతి రోజులెక్కువ. వారిలో గట్టిగా కొట్టేవారు తక్కువ. కాబట్టి పాట చివర ఒక్క డాలరుకు దొరికే కాచరు పది హోమ్‌రన్లు కొడతాడనుకుందాం. ష్వార్బరువంటివాడి స్థానంలోకి మాత్రం ఎవరినైనా పెట్టుకోవచ్చును. ఒక్క డాలరుకే ఇరవై కొట్టేవాడు దొరుకుతాడనుకుందాం. అప్పుడు రాలీవల్ల మీకు అదనంగా కలిగే లాభం 50, ష్వార్బరువల్ల 36. పైకి నాలుగే కనిపించిన తేడా, లోపల పద్నాలుగు అయింది.

చెట్టు లేని ఊళ్ళో ఆముదపు చెట్టే మహావృక్షమన్నారు మన పెద్దలు. ఆ సామెతను మనం వెక్కిరింతకు వాడుతాం. ఈ ఆటలో మటుకు అదే గణిత సూత్రం. ఆముదపు చెట్టు ఎత్తు ఎంత అని అడగరాదు. అది లేకపోతే నీడ ఎక్కడ దొరుకుతుందని అడగాలి. మనిషి ఎంత చేశాడన్నది వెల కాదు. వాడు లేకపోతే ఆ చోట ఉచితంగా దొరికేవాడికంటె ఎంత ఎక్కువ చేశాడన్నదే వెల. ఆట నేర్చుకొనేవారు ఈ ఒక్క ముక్క వంటపట్టించుకుంటే సగం నేర్చినట్టే.

వస్తువు మారకపోయినా వెల మారుతుందనడానికి మరొక తార్కాణం. పిచ్చరు కన్నుగప్పి ఒక బేసు నుండి మరొక బేసుకు పరుగెత్తడాన్ని "దొంగిలించడం" అంటారు. 2022లో పెద్ద జట్లన్నీ కలిసి 2,486 బేసులు దొంగిలించాయి. 2023లో నియమాలు మార్చారు: బేసు పలకను 15 అంగుళాల నుండి 18కి పెంచారు, బంతి విసరడానికి గడియారం పెట్టారు, పరుగెత్తేవాణ్ణి బెదిరించడానికి పిచ్చరు చేసే ప్రయత్నాలకు హద్దు కట్టారు. ఆ ఏడు దొంగతనాలు 3,503కు పెరిగాయి. ముప్ఫై బేసులు దొంగిలించేవాడు అంతకు ముందు అపురూపం. ఇప్పుడు వాడి పక్కన మరికొందరున్నారు. వాడి కాళ్ళలో వేగం తగ్గలేదు. వాడి వెల తగ్గింది. వర్షాలు బాగా పడిన ఏడు మామిడికాయ ధర ఏమవుతుందో తోట గుత్తకు తీసుకున్నవారిని అడగండి.

సగటు విషయంలోకూడా కొత్తవారు మోసపోతారు. ఒకడు 600 సార్లు బ్యాటు పట్టి నూటికి 30 వంతున హిట్లు కొట్టాడు. మరొకడు 100 సార్లే పట్టి అదే సగటు తెచ్చుకున్నాడు. కాగితంమీద ఇద్దరూ సమానమే. మామూలు ఆటగాడి సగటు నూటికి 26 అనుకుంటే, మొదటివాడు మీకు 24 హిట్లు అదనంగా తెచ్చాడు. రెండవవాడు తెచ్చినవి నాలుగే. సగటును ఒంటరిగా చూడరాదు. అది ఎన్ని రోజుల సగటో చూడాలి.

ఇక డబ్బు సంగతి. ప్రతివాడికీ కనీసం ఒక డాలరు పెట్టాలి గనుక, 260 డాలర్లున్నవాడు మొదటి పాటలో 238 వరకే పాడగలడు. మిగిలిన 22 స్థానాలకు 22 డాలర్లు మిగలాలి. అంత పిచ్చిపని ఎవరూ చేయరనుకోండి. అయినా బరంపురం పట్టుచీర ఒక్కదానికే సొమ్మంతా పోసి, పెళ్ళికూతురికి తక్కిన బట్టలు లేకుండా చేసినట్టు, మొదటి గంటలోనే జేబు ఖాళీచేసుకొనేవారు ప్రతి పాటలోనూ వుంటారు. దీనికి వ్యతిరేకం మరొక రకం. వీరు ధర చూసి జంకి, ప్రతి పాటలోనూ వెనుకంజ వేసి, చివరకు చేతిలో డబ్బుండగా కొనడానికి మనుషులు లేక కూర్చుంటారు. పాట ముగిసిన తరువాత మిగిలిన డాలరుకు విలువ సున్న. పొదుపు గొప్ప గుణమే గాని, ఇక్కడ మటుకు కాదు.

అందుకని అనుభవజ్ఞులు పాటకు ముందే ప్రతి ఆటగాడికీ తాము ఇవ్వదలచిన ధర కాగితంమీద రాసుకుంటారు. పన్నెండుమంది దగ్గరా కలిపి 3,120 డాలర్లే వున్నవి. కొనవలసినవారు 276 మందే. కనుక రాసుకున్న ధరలన్నీ కూడితే సరిగా 3,120 రావాలి. ఎక్కువ వస్తే ఎక్కడో మోజుపడి రాశారన్నమాట. సొమ్ములో ఇంచుమించు మూడింట రెండు వంతులు బ్యాటర్లకు కేటాయించడం వాడుక. పిచ్చర్ల భుజాలూ మోచేతులూ నమ్మరానివి. తరువాత పాటలో ఆవేశం వచ్చినప్పుడు ఆ కాగితమే కళ్ళెం. అందరి మనసూ వున్న ఆటగాణ్ణి గెలుచుకొనేవాడు, తరచు అందరికంటె ఎక్కువగా పొరబడ్డవాడే అయివుంటాడు. చీటీపాటలో అవసరంకొద్దీ తొందరపడి తోసి పాడినవారికి దీని రుచి తెలుసు.

మరొక చిన్న యుక్తి. ఎవరిని పాటకు పెట్టాలో వంతులవారీగా మీరే చెప్పవలసి వుంటుంది. కొత్తవారు తమకు కావలసినవాణ్ణే ముందు పెడతారు. తెలిసినవారు తమకు అక్కరలేని పేరుగొప్పవాణ్ణి పెట్టి, తక్కినవారి సొమ్ము కరగనిస్తారు.

వేలం లేకుండా వంతులవారీగా ఎన్నుకొనే పద్ధతికూడా వున్నది. పాము మెలికలాగా మొదటి వరస 1 నుండి 12 దాకా, రెండవ వరస వెనక్కి. మొదటివాడికి 1, 24, 25వ ఎంపికలు; చివరివాడికి 12, 13, 36. ఇక్కడ సూత్రం అదేగాని, ప్రశ్న కొంచెం మారుతుంది: "నా వంతు మళ్ళీ వచ్చేసరికి ఈ రకంవారిలో ఎవరు మిగులుతారు?" ఎవరో ఒకరు మిగిలే రకాన్ని ఆపి, అయిపోయే రకాన్ని ముందు తీసుకోవాలి.

ఇంత లెక్క వేసినా దైవం చేతిలోది దైవం చేతిలోనే వుంటుంది. అట్లాంటా ఆటగాడు రోనల్డ్ అకూన్యా 2023లో 41 హోమ్‌రన్లు కొట్టి, 73 బేసులు దొంగిలించాడు. ఒకే ఏడు 40 హోమ్‌రన్లూ 70 బేసులూ సాధించినవాడు అంతకు ముందు ఎవరూ లేరు. 2024 డ్రాఫ్టులలో అతణ్ణి మొదటనే తీసుకున్నవారు ఎందరో. ఆ మే నెలలోనే మోకాలి నరం తెగి, 49 ఆటలతో ఆ ఏడు ముగిసింది. పోయిన ఏటి అంకెకు ఈ ఏటి సొమ్ము పోయరాదన్న నీతి ఇక్కడ వున్నది. 60 కొట్టిన రాలీకూడా అంతకు ముందు ఏడు కొట్టినవి 34. మంచి ఏడు చూసి మురిసి, దానినే శాశ్వతమనుకొని వెల కట్టడం సంసారంలోనూ ప్రమాదమే.

పెద్దలు ఒక సంగతి తప్పక కనిపెట్టాలి. స్నేహితులమధ్య సరదాగా సాగినంతవరకు ఇది మంచి వినోదమే. కాలేజీ విడిచిన మిత్రులను ఏటా ఒకచోట కలిపే దారంలాగా పనిచేస్తుంది. పందెం సొమ్ము చేరితే మటుకు జూదపు వాసన వేస్తుంది. మన దేశంలో క్రికెట్టుమీద ఇటువంటి ఆటలు డబ్బుతో ఆడి ఇల్లు గుల్ల చేసుకున్నవారున్నారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. ఆ చట్టానికి ముందే ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలు అటువంటి పందేలకు అడ్డుకట్ట వేసివున్నవి.

ఇంకొక మాట. ధర వేరు, మనిషి వేరు. ఒక్క డాలరుకు పోయిన కాచరు అధముడు కాడు. అతను ప్రపంచంలో ఆ పని చేయగల కొద్దిమందిలో ఒకడు. పైన చెప్పుకున్న లెక్క కొనేవాడి అవసరాన్ని కొలుస్తుందేగాని ఆడేవాడి యోగ్యతను కాదు. ఉద్యోగాల బజారులో మన పిల్లలకు పలికే జీతాలనుకూడా ఈ కంటితోనే చూడాలి. ఒకరికి ఎక్కువ పలికితే ఆ చోట చెట్లు తక్కువ వున్నవని అర్థం. తక్కువ పలికితే పక్కన తోపు వున్నదని అర్థం. అంతకు మించి పొంగవద్దు, కుంగవద్దు.

వచ్చే మార్చిలో మీ అబ్బాయో అమ్మాయో డ్రాఫ్టు వున్నదని చెబితే విసుక్కోకండి. "ఎవరిని కొంటున్నావు?" అని అడగడంకూడా మానండి, అది అందరూ అడిగేదే. "ఆ చోటికి ఒక్క డాలరుకు ఎవరు దొరుకుతారు?" అని అడిగి చూడండి. అవతల కాసేపు నిశ్శబ్దంగా వుంటుంది. తరువాత ఆ సంభాషణ ముందటి ఆదివారాలకంటె బాగా సాగుతుందని మా నమ్మకం.