ముందు బళ్లో మాస్టర్ని పెట్టండి, తర్వాత మా పిల్లలకు టైంటేబుల్ చెప్పండి

ఎనిమిదో తరగతి చదివే మన పిల్ల "డాక్టర్నవుతా" అంటే ఊళ్లో రెండు రకాల జవాబులొస్తాయి. ఒకటి పాతది: "మీకెందుకే డాక్టరు చదువులు, పత్తి ఏరను పో." రెండోది కొత్తది, తియ్యగా ఉంటది: "తప్పకుండా అవ్వాలమ్మా. కానీ ఇప్పట్నించే మొదలుపెట్టాలి. బడి చదువునీ నీట్ చదువునీ బ్యాలెన్స్ చేసుకోవాలి. పొద్దున నాలుగింటికి లే." మొదటి జవాబు చెప్పినోణ్ణి మనం వెంటనే గుర్తుపడతాం. రెండోవాణ్ణి మేలుకోరేవాడనుకుంటాం. మేం అంటున్నది, ఆ రెండో జవాబుని కూడా నిలదీయాలని.

ఏం బ్యాలెన్స్ చెయ్యాలి? మన పిల్ల తక్కెడలో ఒక పక్క జీవశాస్త్రం చెప్పే మాస్టరు లేని హైస్కూలు, తాళం తియ్యని ల్యాబు, పుస్తకంలో బొమ్మగా మాత్రమే చూసిన మైక్రోస్కోపు. ఇంకో పక్క నీళ్ల బిందె, చంకలో తమ్ముడు, సెలవు దినాన మిరప కోత. టౌన్లో దొరగారి మనవడి తక్కెడలో ట్యూషన్ మాస్టరు, వేళకి అన్నం, తలుపేసుకుని చదువుకునే గది. ఇద్దరికీ ఒకటే సలహా! సమానం కానివాళ్లకి సమానమైన సలహా ఇవ్వడం కూడా అన్యాయమే. రేపు సీటు రాకపోతే "టైంటేబుల్ పాటించలేదు" అని తప్పు పిల్లమీదికి తోస్తారు. మాస్టర్ని వెయ్యని సర్కారు తప్పించుకుంటది.

"మీకెందుకు డాక్టరు చదువు" అనేవాళ్లకీ ఒక మాట. చాలా ఊళ్లలో పెద్దిళ్ల కాన్పులకి అర్ధరాత్రి పిలిచింది ఎవర్ని? మన వాడల మంత్రసానుల్ని. ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే తెల్లారాక ఆమెని గడప తొక్కనియ్యలేదు. చచ్చిన గొడ్డుని కోసి, ఏ కీలు ఎక్కడుందో, ఏ నరం ఎటు పోయిందో చేత్తో నేర్చినవాళ్లు మన తాతలు. ఆ విద్యకి అంటు అని పేరు పెట్టారు. అదే విద్య తెల్లకోటు తొడిగితే గౌరవం అయ్యింది. మన పిల్ల అడుగుతున్నది పరాయి ఆస్తి కాదు.

ఇప్పుడు వ్యాపారం సంగతి. జూన్ వస్తే చాలు, ఏజెంట్లు వాడల్లో దిగుతారు. ఆరో తరగతి నించే "మెడికల్ ఫౌండేషన్" అంటారు. హాస్టల్ ఫీజు, పుస్తకాల ఫీజు, పరీక్షల ఫీజు. అమ్మలారా, అయ్యలారా, అప్పు పత్రం మీద వేలిముద్ర వేసేముందు ఇది వినండి. నీట్ సిలబస్ ఇంటర్ రెండేళ్ల ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ. పరీక్ష రాసే ఏడాది డిసెంబరు 31కి 17 ఏళ్లు నిండకపోతే రాయనియ్యరు. ఎన్నిసార్లు రాయాలన్న లెక్క లేదు. గరిష్ఠ వయసు హద్దుని 2022లో తీసేశారు. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇస్తారు. అలాంటప్పుడు పన్నెండేళ్ల పిల్లని పొద్దున అయిదు నించి రాత్రి పది దాకా గదిలో మూయడం దేనికి? ఆ వయసులో కావాల్సింది మూడే: చదివింది అర్థం చేసుకోవడం, లెక్కలు భయం లేకుండా చెయ్యడం, ఆకునీ చేపనీ కళ్లతో చూసి బొమ్మ గీయడం. ఈ మూడూ మన జిల్లా పరిషత్ హైస్కూల్లో జరగాల్సిన పనులు. నీట్‌లో 180 ప్రశ్నలైతే 90 జీవశాస్త్రానివే, 720 మార్కుల్లో 360. సగం మార్కులకి పునాది వేసే మాస్టరు కుర్చీ ఖాళీగా పెట్టి, ప్రతిభ లేదని మనల్నే అంటారా?

ప్రతిభ అన్నారు గనక అదీ మాట్లాడదాం. 2023 నీట్‌లో జనరల్ వాళ్లకి అర్హత మార్కు 720కి 137. ఆ గీత దాటి, చేతిలో లక్షలుంటే ప్రైవేటు కాలేజీ మేనేజ్‌మెంటు కోటా తలుపు తట్టొచ్చు. అంతకన్నా ఎన్నో మార్కులు ఎక్కువొచ్చిన కూలోళ్ల బిడ్డ ఫీజు చూసి వెనక్కి తిరగాలి. 2016లో తెలంగాణలో మెడికల్ సీట్ల కోసం పెట్టిన ఎంసెట్-2 పేపరు లీకై, రద్దై, పిల్లలు మళ్లీ ఎంసెట్-3 రాశారు. 2024లో నీట్ పేపరే లీకైంది. పేపరు కొన్నది పత్తి ఏరేవాళ్లా? డబ్బుతో కొంటే అది ప్రతిభ, రాజ్యాంగం ఇస్తే అది భిక్ష! ఇదెక్కడి న్యాయం?

2017లో తమిళనాడు అరియలూరు జిల్లా దళిత కూలీ కూతురు అనిత ఏం తప్పు చేసింది? ఇంటర్ స్థాయి పరీక్షలో 1200కి 1176 తెచ్చుకుంది. బడి చదువు చదివింది, గెలిచింది. నీట్ ఒక్కటే లెక్కన్నారు. సుప్రీంకోర్టు దాకా పోయింది. సీటు దక్కక 17 ఏళ్లకే ప్రాణం తీసుకుంది. అలాంటి బిడ్డని ఇంకొకర్ని పోగొట్టుకోవడానికి మేం సిద్ధంగా లేం. మనకీ పాత ఎంసెట్లో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉండేది. నీట్ వచ్చాక అదీ పోయింది.

ఈ తగాదా ఇవాళ్టిది కాదు. కోస్తా, సీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో కమ్యూనల్ జీవో ప్రకారం కాలేజీల్లో ప్రతి 14 సీట్లకి 2 హరిజనులకి. మెడికల్ సీటు పేరుతో చంపకం దొరైరాజన్ కోర్టుకెళ్లింది. ఆమె అసలు దరఖాస్తే చెయ్యలేదు! అయినా 1951లో సుప్రీంకోర్టు జీవో కొట్టేసింది. అదే ఏడు రాజ్యాంగాన్ని సవరించి 15(4) తెచ్చుకున్నాం. అడిగితేనే వచ్చింది, ఊరికే రాలేదు.

అందుకే మేం అడుగుతున్నాం. ప్రతి హైస్కూల్లో జీవశాస్త్రం, భౌతికశాస్త్రం మాస్టర్లు జూన్ మొదటి రోజుకే ఉండాలి. ల్యాబు తాళం తియ్యాలి. గురుకులాల్లో ఇచ్చే నీట్ శిక్షణ ఊళ్లో ఉండి చదివే ఇంటర్ పిల్లలకీ ఉచితంగా అందాలి. తమిళనాడు 2020లో ప్రభుత్వ బడి పిల్లలకి మెడికల్ సీట్లలో 7.5 శాతం కోటా చట్టం చేసింది. 2022లో మద్రాసు హైకోర్టు దాన్ని నిలబెట్టింది. మన ట్రిపుల్ ఐటీల్లో గ్రేడు పాయింట్ల రోజుల్లో సర్కారు బడి పిల్లలకి 0.4 కలిపారు. దారి తెలియక కాదు, మనసు లేక. అలాంటి చట్టం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రావాలి.

వాడలో మనం చెయ్యాల్సింది మనం చేద్దాం. పత్తికాలంలో పిల్లల్ని బడి మాన్పించొద్దు. పదో తరగతి కాగానే ఆడపిల్లకి సంబంధాలు చూడొద్దు. సాయంత్రం రెండు గంటలు అంబేద్కర్ భవనంలో లైటు వెలగాలి. నర్సింగో, బీఎస్సీనో, ఎంబీబీఎస్సో చదివే మన అన్నలూ అక్కలూ ఆదివారం వచ్చి పాఠం చెప్పాలి. ఆ రెండు గంటల తర్వాత పిల్లల్ని ఆడుకోనియ్యండి. కబడ్డీ ఆడితే డాక్టరు చదువు పోదు. ఆటపాటలు మన పిల్లలకీ హక్కే.

సంఘం కార్యకర్తలారా, ఈ పక్షంలో మీ మండలంలోని ప్రతి హైస్కూలుకీ వెళ్లండి. ఏ మాస్టరు కుర్చీ ఎన్నాళ్ల నించి ఖాళీగా ఉందో రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని తల్లులతో కలిసి ఎంఈవో ఆఫీసు ముందు కూచుందాం. టైంటేబుల్ వెయ్యాల్సింది మన పిల్లలకి కాదు, సర్కారుకి.

జై భీమ్!