ఆగడం మరచిన కణం

నవంబరు 10, న్యూరోఎండోక్రైన్ కణితులపై అవగాహన పెంచేందుకు ప్రపంచం ఎంచుకున్న రోజు. 2018లో నటుడు ఇర్ఫాన్ ఖాన్ తన జబ్బు ఇదేనని చెప్పినప్పుడు ఈ పేరు చాలా ఇళ్లలో వినబడింది. పేరు నోరు తిరగకపోయినా, దాని గుట్టు కరీంనగర్, ఆదిలాబాద్ రైతులకు కొత్తది కాదు.

2018 జనవరి 1న సాగుకు 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఊరూరా వినిపించిన మాట: ఆటో స్టార్టర్లు తీసేయండి. బావి దగ్గర గుంజకు బిగించిన డబ్బాలో పచ్చ మీట నొక్కితే మోటారు నడుస్తుంది, ఎర్ర మీట నొక్కితే ఆగుతుంది. ఆటో స్టార్టర్ ఉంటే మనిషితో పని లేదు. మడి నిండి గట్టు పొర్లినా మోటారు తిరుగుతూనే ఉంటుంది.

పేగుల్లో, క్లోమంలో, ఊపిరితిత్తుల్లో హార్మోన్లు చేసే కణాలకూ ఇలాంటి మీటలున్నాయి; ఈ కణితులు పుట్టేది ఆ కణాల్లోనే. ఐజీఎఫ్-1 వంటి వృద్ధి కారకం వచ్చి కణం మీది గ్రాహకాన్ని తాకితే, ఆ కబురు పీఐ3కే, ఏకేటీ, ఎంటార్ ప్రోటీన్ల మీదుగా లోపలికి చేరి కణం రెండవుతుంది. పీటెన్, టీఎస్‌సీ2 అనే ప్రోటీన్లు ఎర్ర మీటలు. కణితి కణం తనకు కావలసిన వృద్ధి కారకాన్ని తానే తయారు చేసుకోగలదు. వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను విడుదల చేసి రక్తనాళాలనూ తనవైపు రప్పించుకుంటుంది. 2011లో క్లోమ కణితుల జన్యువులను పరిశీలిస్తే, దాదాపు ఏడింట ఒకదానిలో ఎంటార్ దారి దెబ్బతిని కనిపించింది.

ఈ ఎరుక ఒక్కనాటిది కాదు. 1907లో పేగుల్లోని ఈ కణితులకు కార్సినాయిడ్ అని పేరు పెట్టిన వైద్యుడు ఒబెర్న్‌డార్ఫర్ ఇవి హాని చేయవనుకున్నాడు. 1929లో తానే దిద్దుకున్నాడు. వృద్ధి కారకాలను కనిపెట్టిన రీటా లెవీ-మోంటల్చీని, స్టాన్లీ కోహెన్‌లకు 1986లో నోబెల్ దక్కింది. ఈస్టర్ దీవి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి మన ఉపఖండంలో పుట్టిన సురేంద్రనాథ్ సెహగల్ బృందం రాపామైసిన్‌ను వెలికితీసింది. దాని నుంచి వచ్చిన ఎవెరోలిమస్ ఎంటార్‌ను అడ్డుకుంటుంది. క్లోమ కణితులున్న 410 మందిపై జరిగి 2011లో వెలువడిన పరీక్షలో, వ్యాధి ముదరకుండా నిలిచిన కాలం 4.6 నెలల నుంచి 11 నెలలకు పెరిగింది. అంతటితో గెలుపు కాదు. ఒక తీగ తెంపితే కణం పక్క తీగకు కొక్కెం తగిలిస్తుంది.

అందుకే తొలిదశలో గుర్తించడమే మేలు. తరచూ ముఖం ఎర్రబారి వేడెక్కుతున్నా, విరేచనాలు నెలల తరబడి తగ్గకున్నా గ్యాస్ బిళ్లతో సరిపెట్టకూడదు. ముక్క పరీక్ష రిపోర్టులో, కణాలు ఎంత జోరుగా రెండవుతున్నాయో చెప్పే కేఐ-67 అంకె ఉండాలి. అది 3 శాతం లోపుంటే కణితి మెల్లగా పెరిగేది, 20 దాటితే పరుగెత్తేది. మందు ఎంపికకు అదో ఆధారం. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. ఆ అంకె కోసం రోగి అంత దూరం పోనక్కర లేకుండా జిల్లా వైద్య కళాశాలల్లోనే దొరకాలి. మడి పొర్లకముందే మోటారు ఆపాలని ఇక్కడి రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అదే తొందర మన ఆసుపత్రులకూ రావాలి.