తూచని రూపాయి, దాచిన మోసము

కొంత కాలముగా మన సంఘ కార్యాలయమునకు వచ్చు గృహస్థులలో కొందరు చేతిలో ఒక చిన్న పొట్లముతో వచ్చుచున్నారు. పొట్లములో పాత నాణెము. ఆన్‌లైన్ వేలములో కొన్నది. “ఇది అసలైనదేనా, చూచి చెప్పండి” అని అడుగుచున్నారు. డబ్బు చెల్లించిన పిమ్మట అడుగు ప్రశ్న యిది. చెల్లింపక ముందు అడిగినవారిని మేము ఇంతవరకు ఒక్కరినైనను చూడలేదు. ఈ విషయమున నాలుగు మాటలు కటువుగానైనను చెప్పక తప్పదని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మనము చెన్నపట్నమున తరతరములుగా అంగడి పెట్టుకొని బ్రతుకుచున్న తెలుగువారము. మన పెద్దలకు పెట్టుబడికంటె పరువు ముఖ్యము. ఆ పరువునకు త్రాసు సాక్షి. జార్జిటవునులో మనము నిత్యము నడచు మింటు వీధిని తమిళమున తంగసాలై యందురు. మన మాటలో టంకశాల వీధి. చెన్నపట్నపు టంకశాల 1869లో మూతపడినను వీధికి పేరు నిలిచినది. 1807, 1808 ప్రాంతమున కంపెనీవారు ఈ పట్నమున ముద్రించిన అర వరహా, పావు వరహా వెండి నాణెములపై ఒక ప్రక్క గోపురము, రెండవ ప్రక్క దేవుని రూపము, దాని చుట్టును తమిళముతోపాటు తెలుగు అక్షరములు కలవు. తెలుగు వర్తకుడు చదివి పుచ్చుకొనని నాణెము ఈ బజారున చెల్లదని పరాయి ప్రభువులకు సైతము తెలిసియుండెను. అట్టి బజారునకు వారసులమైన మనము నేడు ఫోటో చూచి నాణెము కొనుచున్నాము!

ఒక గృహస్థుని సంగతి చెప్పెదము, పేరు చెప్పము. కుమార్తె పెండ్లిలో అల్లునికి కృష్ణదేవరాయల వరహా నొకటి కానుకగా ఈయవలెనని ఆయనకు కోరిక కలిగినది. కోరికలో దోషము లేదు. రాత్రివేళ ముగియు వేలములో చివరి పది నిమిషములు మేలుకొని, ఎదుటివాడెవడో పాట పెంచిన కొలది తానును పెంచి, పాట దక్కినదని సంతోషించినారు. వచ్చిన నాణెమును మా అంగడి త్రాసులో వేసితిమి. రాయల వరహా సుమారు 3.4 గ్రాములు తూగవలెను. ఇది రెండు గ్రాములైనను తూగలేదు. గిల్టు వేసిన ఇత్తడి. ఎంత చెల్లించితిరని అడుగగా, ఆయన చెప్పిన సొమ్ము అంత బరువు బంగారమునకు ఆనాడు బజారున పలికిన ధరలో సగము.

మా కోపమంతయు ఇచ్చటనే. బంగారమును సగము ధరకు ఎవడైనను మన అంగడికి తెచ్చి చూపినచో దొంగసొత్తేమోనని తలుపు చూపెదము గదా! బజారున నిలువని బేరము ఫోనులో ఎట్లు నిలిచినది? ఆ ఎదుటి పాటకాడు అమ్మువాని మనిషియే కావచ్చును. ఊరి వేలములో వాని ముఖమైనను కనబడును. ఇచ్చట అదియును లేదు.

దీనికంటె వింతయైనది రాముని బొమ్మ గల రాగి నాణెముల కథ. ఒక వైపు సీతారామలక్ష్మణులు, హనుమంతుడు. రెండవ వైపు ఈస్టిండియా కంపెనీ అని, అర అణా అని, 1818 అని ఆంగ్లాక్షరములు. కొన్నింటిపై 1616 అనియు, 1717 అనియు ఉండును. ఇవి బియ్యపు గింజలను ఆకర్షించుననియు, కోట్లు పలుకుననియు చెప్పి అమ్ముచున్నారు. కంపెనీ ఇట్టి నాణెమును ఎన్నడును ముద్రింపలేదు. దేశమునకంతటికి ఒకే రీతి నాణెములను కంపెనీ 1835లో ప్రారంభించినది. రాగి అర అణా ఆ వరుసలోనిది. “కంపెనీ వరహాలపై దేవుని రూపమున్నప్పుడు అణాపై రాముడుండకూడదా?” అని మమ్ము అడిగినవారు కలరు. వరహాలకు నిర్ణీతమైన తూకము కలదు, ప్రభుత్వపు లెక్కలు కలవు, ఎగ్మూరు మ్యూజియమువంటి చోట్ల పోల్చి చూచుటకు నాణెముల సంగ్రహములు కలవు. ఈ రాగి బిళ్లలకు తూకమును లేదు, లెక్కయును లేదు. పూర్వమునుండి భక్తులు పూజలో ఉంచుకొను రామటంకలు వేరు. అవి నాణెములమని చెప్పుకొనలేదు. దేవుని బొమ్మను అడ్డు పెట్టుకొని అబద్ధమును అమ్మువానికి మన పూజామందిరమున చోటీయుట భక్తి యనిపించుకొనదు.

ఇక వెండి రూపాయి మాట. తులమును మన తాతలు “రూపాయి ఎత్తు” అనెడివారు. 1835 నాటి రూపాయి 180 గ్రెయిన్లు, అనగా ఒక తులము, అనగా 11.66 గ్రాములు. నూటికి 91.7 పాళ్ళు వెండి. విక్టోరియా, ఎడ్వర్డు, ఐదవ జార్జి కాలములందును ఈ లెక్క మారలేదు. 1940 నుండి వెండి సగమునకు తగ్గినది. 1947 రూపాయి వట్టి నికెలు. కాబట్టి విక్టోరియా రూపాయి యని వచ్చినది 9.7 గ్రాములు తూగినచో, వాడుకలో అరిగినదను సాకు చెల్లదు. జర్మన్ సిల్వరుతో అదే కొలతకు పోసిన నాణెము సుమారుగా అంతయే తూగును. అంచున పోత అతుకు గీత, అక్షరముల నడుమ సన్నని గుంటలు, మొద్దువారిన ముఖరేఖలు భూతద్దములో కనబడినచో, అది ముద్ర కొట్టినది కాదు, అచ్చులో పోసినది.

మందము పెంచి తూకము సరిపుచ్చు మోసగాడును ఉండును. వానికి నీరే జవాబు. గ్రాములో నూరవ వంతు చూపు త్రాసుపై నీటి గ్లాసు నుంచి అంకెను సున్నకు తెచ్చి, నాణెమును దారముతో కట్టి, అడుగునకు, ప్రక్కలకు తగులకుండ పూర్తిగా నీట ముంచవలెను. 11.66 గ్రాముల మంచి రూపాయికి త్రాసు సుమారు 1.13 చూపును, అదే బరువు గల జర్మన్ సిల్వరునకు సుమారు 1.36 చూపును. ఇందులకు చదువక్కరలేదు, మేమును మెట్రిక్యులేషనుతో చదువు ముగించినవారమే. బంగారు నాణెమును గీటురాయిపై గీయనక్కరలేదు, గీచిన నాణెము పాడగును. హాల్‌మార్కు కేంద్రమున యంత్రముతో గీత పడకుండ పరీక్షించెదరు.

అయితే త్రాసుకు లొంగని మోసమును కలదు. 1939 నాటి ఆరవ జార్జి వెండి రూపాయి అరుదైనది. అందుచేత మంచి వెండితోనే దానికి నకళ్ళు చేయుదురు. వెండి ఖర్చు కొంచెము, పేరుకు వచ్చు ధర మెండు. అట్టి నాణెమునకు తూకము సరిపోవును, నీటి పరీక్షయును సరిపోవును. అచ్చట అక్షరముల రూపమును, అంకెల వంపును నిజమైన నాణెముతో పోల్చి చూడగల అనుభవజ్ఞుని కన్ను కావలెను. ఆ కన్ను మనకు లేనిచో, నకిలీయని తేలినప్పుడు సొమ్ము తిరిగి యిత్తునని వ్రాసి యిచ్చు అమ్మకందారునివద్ద తప్ప కొనరాదు. వ్రాసి యీయనివాడు తన నాణెమును తానే నమ్మనివాడు.

ఫోటో నాణెము కాదు. ఒకే ఫోటోను పలువురు అమ్మకందారులు వాడుచుందురు. ఫోటోలో అసలు, పార్సెలులో నకిలీ. ప్లాస్టిక్ పెట్టెలో ముద్ర వేసి వచ్చినంత మాత్రమున నమ్మరాదు. పీసీజీఎస్, ఎన్‌జీసీ సంస్థల పెట్టెలకు సైతము నకళ్ళు పుట్టినవి. పెట్టెపై నున్న సంఖ్యను ఆ సంస్థవారి జాబితాలో వెదకి, అందలి బొమ్మతో పోల్చవలెను. రిజర్వు బ్యాంకు ధ్రువపత్రమని చూపినచో, ఆ క్షణమే బేరము విడువవలెను. పాత నాణెముల క్రయవిక్రయములతో తనకు సంబంధము లేదనియు, అందుకై రుసుము గాని కమీషను గాని ఎన్నడును కోరదనియు ఆ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించినది. “పొలము దున్నగా దొరికినది” అను కథ చెప్పువానిని 1878 నాటి నిధినిక్షేపముల చట్టమును గూర్చి అడుగుడు. పది రూపాయలకు మించిన నిధి దొరికినచో కలెక్టరుకు తెలుపవలెనని ఆ చట్టము శాసించుచున్నది. కథ నిజమైనచో నేరము, అబద్ధమైనచో మోసము. రెండింటను మనకు పాలు వద్దు.

మోసపోయినవారు మాతో మూడు మాటలు చెప్పుచున్నారు. మొదటిది, “పోయినది కొద్ది సొమ్మే గదా” అని. అంగడిలో చిల్లర లెక్క తప్పిన గుమాస్తాను మన మట్లు క్షమింతుమా? రెండవది, “పేరు బయటపడిన నలుగురిలో చులకన” అని. దొంగకు లేని సిగ్గు సొమ్ము పోయినవానికేల? మన మౌనమే వాని మూలధనము. మూడవది, “ఎవడో దూరదేశమున నున్నవానిపై ఎచ్చట ఫిర్యాదు చేయుదుము?” అని. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము కొన్నవాడు తాను నివసించు చోటనే ఫిర్యాదు చేయవచ్చును. సైబరు మోసమునకు 1930, వినియోగదారుల ఫిర్యాదునకు 1915 అను ఫోను సంఖ్యలు కలవు. పార్సెలు విప్పునప్పుడు వీడియో తీసి, అమ్మువాని మాటలను, ఫోటోను, చెల్లింపు రసీదును భద్రపరచినవానికి సాక్ష్యమును చేతనుండును. ఆలస్యమైన కొలది సొమ్ము దూరమగును.

అన్నిటికంటె చేదైన మాటను చివరకు ఉంచితిమి. నకిలీయని తెలిసిన పిమ్మట ఆ నాణెమును కొందరు ఏమి చేయుచున్నారు? నష్టము పూడ్చుకొనుటకై మరియొకనికి, తరచుగా మనవానికే, అసలైనదని అమ్ముచున్నారు. పెండ్లిలో కానుకగా ఇచ్చుచున్నారు. ఆ పిల్లలు దానిని పదిలముగా దాచి, ఇరువది యేండ్లకు అవసరము వచ్చి అమ్మబోయిన నాడు తలవంచుకొనవలెను. తెలియక కొన్నవాడు మోసపోయినవాడు. తెలిసి అమ్మినవాడు మోసగాడు. నడుమ మూడవ పేరు లేదు. మొదటి దొంగను మన మెరుగము. ఈ రెండవవాడు మన పందిటిలో పంక్తిని కూర్చుండి భోజనము చేయుచున్నాడు. వానిని సంఘము ఉపేక్షించినచో ఇతరులను నిందించు హక్కు మనకు లేదు.

రానున్న సర్వసభ్య సమావేశమున మేము రెండు తీర్మానములను ప్రతిపాదింపబోవుచున్నాము. సంఘ కార్యాలయమున ఒక సూక్ష్మమైన త్రాసును, ఒక మంచి భూతద్దమును ఉంచి, సభ్యులెవరు నాణెము తెచ్చినను రుసుము లేకుండ తూచి చూపవలెను. తెలిసి నకిలీ నాణెమును అమ్మినట్లు రుజువైన సభ్యుని పేరును ఈ పత్రికలో ప్రకటింపవలెను. రెండవ తీర్మానము కొందరికి రుచింపదని ఎరుగుదుము. వారు సభకు వచ్చి, నలుగురి ఎదుట కారణము చెప్పి వ్యతిరేకింపవలెనని కోరుచున్నాము.

పాత నాణెములను ప్రేమించుట మంచిదే. తెలుగు అక్షరములు గల పావు వరహాను మన పిల్లలు చేతపట్టి చదువగలిగిన అంతకంటె సంతోషము మాకు లేదు. కాని ఆ పిల్లల చేతిలో మనము పెట్టునది నిజమైనదిగా ఉండవలెను. పాటకు ముందు తూకమెంతయని అడుగుడు. సమాధానము రానిచో ఆ వేలమును విడిచి నిద్రపొండు. ఇదివరకే మోసపోయినవారు ఆ పొట్లమును దాచక సమావేశమునకు తెండు. త్రాసును మేము తెచ్చెదము.