తాళపుచెవి యెవరి చేత?

లాకౌటు అను మాట మన కార్మికులకు క్రొత్తది కాదు. యజమాని మిల్లు ద్వారమునకు తాళము వేసి పనివారిని వెలుపల నిలుపుట యని దాని కర్థము. అయితే యంత్రభద్రతాశాస్త్రమున నదే పేరుగల మఱియొక తాళము కలదు. అది ద్వారమునకు గాక, యంత్రమును నడపు విద్యుత్తు మీటకు వేయబడును. మొదటి తాళము కూలివాని జీవనమును హరించును. రెండవది వాని జీవమును రక్షించును. మొదటిదానిని చక్కగ నెఱిగిన మిల్లులలో పెక్కింటికి రెండవది యింకను క్రొత్తదిగనే యున్నది.

నడుచుచున్న యంత్రములో చేయి పెట్టరాదని ప్రతి పనివాడు నెఱుగును. అపాయము తఱచుగా నిలిచిన యంత్రము చెంతనే పొంచియుండును. జిన్నింగు మిల్లులో పత్తి చిక్కుకొని రోలరు నిలిచిపోవును. బియ్యపు మిల్లులో బెల్టు జారును. జనపనార మిల్లులో పండ్లచక్రముల నడుమ నార చుట్టుకొనును. మేస్త్రీ మీట నార్పును. ఫిట్టరు లోపల చేయి పెట్టును. ఇంతలో షిఫ్టు మారును. క్రొత్తగ వచ్చినవాడు యంత్ర మేల నిలిచినదో యెఱుగక మీట నొక్కును. ఇందు దుర్మార్గు డెవ్వడును లేడు. అయినను ఒకని చేయి పోయినది. దీనిని “పనివాని యజాగ్రత్త” యని కాగితమున వ్రాసి చేతులు దులుపుకొనుట న్యాయమా?

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. మీట నార్పినపిదప, యంత్రమును బాగుచేయువాడు దానికి తన తాళమును తానే వేసి, చెవిని తనయొద్దనే యుంచుకొనవలయును. నలుగురు పనిచేసిన నాలుగు తాళములు. ఎవని చెవి వానియొద్దనే. కడపటివాడు తన తాళమును తీయువఱకు యంత్రము కదలదు. తాళముతోనే పని తీరినదని తలంపరాదు. గొట్టములలోని యావిరిని, సిలిండరులలోని గాలి యొత్తిడిని వెలికి విడువవలయును. పైకెత్తియున్న బరువును దింపవలయును, లేక దృఢమైన యూత నీయవలయును. పిమ్మట మీట నొకసారి నొక్కి, యంత్రము కదలకుండుట చూచిన తరువాతనే చేయి పెట్టవలయును. ఫ్యూజు నూడదీసి జేబులో వేసికొను పనివాని బుద్ధి మెచ్చదగినదే. కాని యా చోట మఱియొకడు తీగముక్క చుట్టిన వాని జాగ్రత్త వ్యర్థమగును.

చట్ట మేమి చెప్పినదో చూతము. 1881వ సంవత్సరపు తొలి ఫ్యాక్టరీల చట్టమే యపాయకరములగు యంత్రములకు కంచె యుండవలయునని విధించెను. 1948వ సంవత్సరపు చట్టమునకు 1976లో చేసిన సవరణ వలన, శక్తిని నిలుపు సాధనము పొరపాటున తిరిగి నడుచు స్థితికి జారు వీలున్నచో, దానిని తాళముచే బంధించు నేర్పాటుండవలెనను నిబంధన చేరినది. కంచెనుండి తాళమునకు వచ్చుటకు 95 ఏండ్లు పట్టినది! అప్పటికిని, తాళపుచెవి యెవరియొద్ద నుండవలెనో యా నిబంధన చెప్పలేదు. 2020లో పార్లమెంటు 13 చట్టములను కలిపి వృత్తిభద్రతాస్మృతిని నిర్మించినది. చట్టము పేరు మారినంత మాత్రమున పనివాని వ్రేళ్లకు రక్షణ కలుగునా? నియమములలో చెవి సంగతి స్పష్టముగ నుండవలయును.

అమెరికాలో 1989లో వెలువడిన నియమము దీనిని స్పష్టపఱచినది. తాళమును వేసినవాడే తీయవలయును; అతడు లేనప్పుడు మాత్రము ముందుగ నిర్ణయించిన కట్టుబాట్ల ప్రకారము యజమాని తీయింపవచ్చును. ఈ నియమ పాలనము వలన ఏటేట 120 మరణములును 50,000 గాయములును తప్పుచున్నవని యా దేశపు భద్రతాశాఖ యంచనా.

మనయొద్ద 1923 నాటి పరిహార చట్టపు పట్టిక, సవరణల మీదట, వ్రేలువ్రేలునకు విలువ కట్టినది. చూపుడువ్రేలు పూర్తిగ పోయినచో సంపాదనశక్తిలో నూటికి 14 వంతులు, బొటనవ్రేలు పోయినచో 30, ఒక చేతి నాలుగు వ్రేళ్లును పోయినచో 50 వంతులు నష్టపడినట్లు లెక్క. ఈ పట్టిక యవసరమే. అది లేనినాడు గాయపడినవానికి దిక్కులేదు. కాని వ్రేలు తెగిన పిదప లెక్క కట్టుటకంటె తెగకమునుపే తాళము కొనుట మేలు కాదా?

కాల మపవ్యయమగునని యజమానులు చెప్పుదురు. తాళము వేయుటకు నిమిషములు చాలును. తెగిన చేయి జన్మ మంతయు తిరిగి రాదు. కాబట్టి మరమ్మతు చేయు ప్రతివానికి, కాంట్రాక్టు మీద వచ్చిన దినకూలికి సైతము, పేరు వ్రాసిన తాళము నీయుడని యజమానులను కోరుచున్నాము. జీతపుకోరికలతో పాటు దీనిని ముందుంచుడని కార్మికసంఘములను కోరుచున్నాము. తనిఖీ యధికారులు కాగితములనే గాక మీటలను గూడ చూడవలయును. ఎవని చేయి యంత్రములో నున్నదో, తాళపుచెవి వానియొద్దనే యుండవలయును. ఇంతకంటె సులభమైన న్యాయము వేఱొకటి లేదు.