ఆ 13 శాతం మాటేమిటి?

సంపాదకులకు,

నైజీరియా చమురు సొమ్మంతా నేతల పాలైందని గత సంచికలో రాశారు. కాదనను. కానీ అక్కడి 1999 రాజ్యాంగం చమురు తీసే రాష్ట్రాలకు ఆ ఆదాయంలో కనీసం 13 శాతం ఇవ్వాలంటుంది. నైజర్ డెల్టా పల్లెలకు అది సరిగా చేరకపోవడం వేరే గొడవ. నిలదీయడానికి వాళ్లకో అంకె ఉంది. చమురు, గ్యాస్ తీసే మా కోనసీమకు అదీ లేదు. నేల మీది బావుల రాయల్టీ రాష్ట్ర ఖజానాకు పోతుంది, జిల్లాకింత అన్న నియమం మన రాజ్యాంగంలో లేదు. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా పోయారు. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. పరిహారం ఇచ్చారు, నిజమే. పరిహారం వేరు, వాటా వేరు. లాగోస్ దాకా వెళ్లిన మీ వ్యాసకర్త వచ్చేటప్పుడు మామిడికుదురు మీదుగా రావలసింది.

— ఒక పాఠకుడు, రాజోలు