సైకిలేగా పోయింది!

కారు పోతే పేపర్లో వస్తుంది. మోటారు సైకిల్ పోతే పది మంది చుట్టూ చేరి ఆరా తీస్తారు. అదే సైకిల్ పోయిందని చెప్పి చూడండి. 'సైకిలేగా!' అనేసి ఊరుకుంటారు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల నుంచి బతుకుదెరువుకు హైదరాబాద్ చేరినవాళ్లు ఆ మాట అనరు. తెల్లవారుజామున పాలప్యాకెట్లు, పేపర్లు వేసే కుర్రాడికి ఆ వేళ సిటీ బస్సు దొరకదు. ఆటో ఎక్కితే సంపాదన ఆటోకే సరి. తాపీపనికి పోయేవాడికీ అంతే. పట్నంలో కూడబెట్టి కొన్న మొదటి ఆస్తి చాలామందికి సైకిలే.

దొంగకు ఇంత సులువైన సొత్తు ఇంకోటి లేదు. వెనక చక్రానికి రింగు తాళం ఉంటే ఉండనీ, వెనక భాగం ఎత్తి పట్టుకుని ముందు చక్రం మీద నడిపించుకుపోతాడు. చూసినవాళ్లు 'పాపం, తాళంచెవి పారేసుకున్నట్టున్నాడు' అనుకుంటారు. ఖరీదైన గేర్ల సైకిళ్లలో చాలావాటికి చక్రం, సీటు పానా లేకుండానే ఊడివస్తాయి. యజమాని కోసం పెట్టిన ఆ సౌకర్యం దొంగకూ పనికొస్తుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు, పైన సోలార్ కప్పు వేసి మరీ. తొక్కడానికి దారి దొరికింది. దిగాక ఎక్కడ కట్టేయాలన్నది మాత్రం పాత ప్రశ్నే.

అసలు చిక్కు చట్టంలో ఉంది. పాత ఐపీసీ 379 కింద సైకిల్ దొంగతనమైనా, నగల దొంగతనమైనా పోలీసులు ఎఫ్‌ఐఆర్ రాసి దర్యాప్తు చేయాల్సిందే. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దాని 303వ సెక్షన్ ప్రకారం ఐదు వేల రూపాయల లోపు సొత్తు దొంగిలించి, మొదటిసారి శిక్షపడేవాడు ఆ సొత్తో విలువో తిరిగి ఇచ్చేస్తే సమాజసేవ చేయిస్తారు. ఆకలికి చేయి చాపినవాణ్ని జైల్లో పెట్టకపోవడం మంచిదే. కానీ దాంతోపాటు వచ్చిన కొత్త నేర విచారణ చట్టం ఈ ఐదు వేల లోపు దొంగతనాన్ని నాన్ కాగ్నిజబుల్ పట్టికలోకి నెట్టింది. అంటే, ఫిర్యాదును పుస్తకంలో రాసుకుంటారు, మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లమంటారు. ఆయన ఆదేశిస్తేనే దర్యాప్తు. దొంగకు ఇది మొదటిసారా కాదా తేలాలంటే ముందు వాడు దొరకాలి కదా! నాలుగేళ్లు తొక్కిన సాదా సైకిలుకు విలువ కడితే ఐదు వేలు దాటడం కష్టం. కూలిపని మానుకుని కోర్టు మెట్లెక్కేదెవరు?

నాగర్‌కర్నూల్‌కు రైలు లేదు. వనపర్తి రోడ్ స్టేషన్ ఊరికి దూరం. ఊళ్లవాళ్లకు బస్టాండే దిక్కు. గద్వాలలోనైతే రైల్వే స్టేషన్ ఉంది. ఎక్కడైనా డబ్బులు తీసుకునే స్టాండులో సైకిల్ పెడితే చేతికో టోకెన్ వస్తుంది, వెనక 'మాకు బాధ్యత లేదు' అని అచ్చేసి. ఆ అచ్చు చూసి వెనక్కి తగ్గనక్కర్లేదు. ఢిల్లీలో 1998లో ఒక పెద్ద హోటల్ సిబ్బందికి అప్పగించిన కారు పోతే, 2019లో సుప్రీంకోర్టు హోటల్‌దే బాధ్యత అంది. యజమాని పూచీ అని చీటీపై రాసుకున్నంత మాత్రాన నిర్లక్ష్యం మాఫీ కాదని చెప్పింది. అది కారు కథే అయినా, టోకెన్ దాచుకున్నవాడు వినియోగదారుల కమిషన్ ముందు ఆ వాదన వినిపించవచ్చు.

ఒకప్పుడు మున్సిపాలిటీలు సైకిలుకు పన్ను కట్టించుకుని నంబరు బిళ్ల ఇచ్చేవి. పన్ను విసుగే అయినా, ఆ బిళ్లతో సైకిలుకో గుర్తు ఉండేది. జపాన్‌లో 1994 నుంచి ప్రతి సైకిలుకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇక్కడ మిగిలింది కంపెనీవాళ్లు ఫ్రేము మీద కొట్టిన నంబరొక్కటే. ఎక్కువ సైకిళ్లకు అది పెడళ్ల ఇరుసు కింద ఉంటుంది, కొన్నింటికి సీటు కింది గొట్టం మీద. కొన్న రోజే దాన్ని బిల్లు మీద రాయించుకోవాలి. పాత సైకిలైతే తలకిందులు చేసి, ఇరుసు కింద పేరుకున్న గ్రీజు, బురద కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే నంబరు కనిపిస్తుంది.