పంపిన బండ్లు, అమ్మిన బండ్లు

గాదెలోని ధాన్యమంతయు విస్తరిలోని అన్నమని తలచు గృహస్థుడుండడు. కాని కార్ల అమ్మకముల వార్తలు చదువునపుడు మనలో పలువురము ఆ పొరపాటే చేయుచున్నాము. మన దేశమున ఈ లెక్కలు రెండు కలవు. వాహన తయారీదారుల సంఘమగు సియామ్, కర్మాగారములనుండి డీలర్లకు పంపిన బండ్లను లెక్కించును. డీలర్ల సమాఖ్యయగు ఫాడా, రవాణా కార్యాలయములలో కొనుగోలుదారుల పేర రిజిస్టరయిన బండ్లను లెక్కించును.

2024 సెప్టెంబరులో డీలర్లకు పంపిన కార్లు, జీపులు మున్నగునవి సుమారు 3.57 లక్షలు, రిజిస్టరయినవి 2.76 లక్షలు. అనగా పంపిన నూటికి అమ్ముడైనవి 77. ఫాడా లెక్కలో నాడు తెలంగాణ చేరలేదు గనుక, ఈ వ్యత్యాసమంతయు అమ్ముడుపోని సరకని తీర్మానింపరాదు. అయినను డీలర్లయొద్ద 7.9 లక్షల బండ్లు నిలిచిపోయినవనియు, వాని విలువ 79,000 కోట్ల రూపాయలనియు ఆ సమాఖ్య ప్రకటించినది. నాటి అమ్మకపు వేగమునుబట్టి అది 80 నుండి 85 దినములకు సరిపడు నిల్వ. 21 దినములకు మించరాదన్నది డీలర్ల కోరిక.

ఆ నెల ఉత్తరార్ధము మహాలయ పక్షము. ఆ దినములలో కొత్త బండి కొనువారరుదు. పండుగలకై ముందుగా సరకు చేర్చుకొనుట వ్యాపారమున సహజమే. అక్టోబరులో దసరా, దీపావళి రెండును వచ్చినవి. పంపినవి 3.93 లక్షలు కాగా, అమ్ముడైనవి 4.83 లక్షలు, అనగా నూటికి 123! ఇందు వింత లేదు, పాత నిల్వ కొంత కరగినది. రెండు నెలలను కలిపి చూచినచో పంపినవి 7.50 లక్షలు, అమ్మినవి 7.59 లక్షలు. లెక్క సరిపోయినట్లే తోచును. కాని అక్టోబరు చివరను 75 నుండి 80 దినముల నిల్వ మిగిలియే యుండెను. కావున ఒక నెల నిష్పత్తి చాలదు. నిల్వను గూడ చూడవలెను.

ఈ భేదము ఎవరికి బరువు? బండి కర్మాగారము గడప దాటి డీలరునకు చేరగనే తయారీదారుని పద్దులో అమ్మకము జమపడును. డీలరు మాత్రము ఎండకు ఎండి, వానకు తడియు ఆ బండ్లపై తెచ్చిన అప్పునకు దినదినము వడ్డీ కట్టవలెను. సరకు కదలనిచో ధర తగ్గించి నష్టపడవలెను. ఆ నష్టము తుదకు అతని దుకాణములోని చిరుద్యోగి జీతమును తాకవచ్చును.

ఉపాధ్యాయులు శాతములను బోధించునపుడు ఈ లెక్కను నల్లబల్లపై వేయించవచ్చును. “అమ్మకములు పెరిగినవి” అను శీర్షిక కనబడినపుడు, “ఎవరు, ఎవరికి అమ్మిరి?” అని విద్యార్థి అడుగగలిగిన, ఆ పాఠము ఫలించినట్లే.